నక్క నోట దివ్వె

ఈ వారం సమస్య (ఆటవెలది, చివరి పాదం):
నక్క నోట దివ్వె నాట్యమాడె

నిర్వాహకుడు: నక్క అనగానే మనకు జిత్తులే గుర్తొస్తాయి. జపానులో అది వరిదేవత ఇనరి దూత. రాత్రిపూట అడవిలో, కొండవాలులో బారులు తీరి కనిపించే వెలుగులను అక్కడ ‘కిత్సునెబి’ అంటారు, అంటే నక్కనిప్పు. దాని ఊపిరే వెలుగుతుందని కొందరు, తోక నేలకు కొడితే నిప్పు పుడుతుందని కొందరు చెబుతారు. ఆ కథ మీద గానీ, ఆ వెలుగును గాజుశిల్పంగా మలచడం మీద గానీ పూరించండి. మన కొరివిదెయ్యాన్ని మాత్రం తెచ్చి అతికించకండి, ఆ భయం వేరు.

తాటాకు:
ఏటి చివరి రాత్రి యెనొకి నీడను జేరి
రైతు లెంచుచుండ రాబడులను
వరికి కాపుగాసి వచ్చు నినరి దూత
నక్క నోట దివ్వె నాట్యమాడె

నిర్వాహకుడు: అన్నయ్యా, హాయిగా ఉంది! జపాను చిత్రకారుడు హిరోషిగె 1857 నాటి ముద్రాచిత్రంలో ఉన్నది ఈ రాత్రే. ఇప్పటి టోక్యోలోని ఓజిలో ఎనొకి చెట్టు కింద నక్కలు చేరతాయి, మూతుల దగ్గర చిన్న చిన్న జ్వాలలు. అక్కడ వేషం మార్చుకుని ఇనరి గుడికి వెళ్తాయని నమ్మిక. ఆ దివ్వెలను చూసి రైతులు రాబోయే పంటను అంచనా కట్టేవారు. ‘రాబడులను’ అన్న ఒక్క మాటలో ఆ ఆశంతా పట్టింది.

కలువరేకు: గురువుగారూ, గాజు మీద నా ప్రయత్నం.
కొలిమిలోని గాజు గొట్టము తుద నూద
బుడగ సాగి నక్క బుగ్గలయ్యె
చల్లబడిన పిదప లోన వెలుగు నుంచ
నక్క నోట దివ్వె నాట్యమాడె

పాలపిట్ట: అక్కా, మూడో పాదంలో గణాలు సరే, చ–లో యతి కుదరలేదు.

నిర్వాహకుడు: నిజమే. ‘సన్నని వెలుగుంచ’ అంటే చ–స యతి చెల్లుతుంది. ‘చల్లబడిన పిదప’ను మాత్రం కదపకమ్మా, పనితనమంతా అందులోనే ఉంది. సుమారు 1100 డిగ్రీల వేడిలో కరిగిన గాజును మలిచాక 500 డిగ్రీల దరిదాపుల్లో కాసేపు నిలిపి, గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి. పల్చటి చెవి ముందు చల్లబడి, మందపాటి మెడ వెనకబడితే, లోపలి బిగువుకు నక్క నిలువునా పగులుతుంది. ఇక ‘బుడగ సాగి బుగ్గలయ్యె’ చదివి నేను కాసేపు అక్కడే ఆగిపోయాను.

పాలపిట్ట: నాదీ చూడండి.
కుళ్ళు మాను మీద గొడుగు పచ్చగ వెల్గ
చూచువాని మదిని జొచ్చె దిగులు
అంత నడవి దాటి యందిన కథలోన
నక్క నోట దివ్వె నాట్యమాడె

తాటాకు: ‘గొడుగు’ అంటే పుట్టగొడుగని వెంటనే తట్టలేదు తమ్ముడూ.

నిర్వాహకుడు: ‘కుళ్ళు మాను’ పక్కనే ఉంది కదా, నాకు తట్టింది. జపాను అడవుల్లో చచ్చిన బీచ్ (beech) అనే చెట్ల మానుల మీద త్సుకియొతకె అనే విషపు పుట్టగొడుగు పుడుతుంది, చీకట్లో లేతపచ్చగా మెరుస్తుంది. ‘కథలోన’ అనడంతో సమస్యలోని అసంగతం కూడా తీరిపోయింది.

కలువరేకు: సవరించాను గురువుగారూ.
చల్లబడిన పిదప సన్నని వెలుగుంచ
నక్క నోట దివ్వె నాట్యమాడె