శాలెన్-కీ లోపాస్ ఫిల్టర్ 300 కిలోహెర్ట్జ్ దాటాక మళ్లీ సిగ్నల్‌ని దాటనిస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. టీఎల్072 ఆప్‌ఆంప్‌తో (యాంప్లిఫయర్ చిప్) యూనిటీ గెయిన్ (సిగ్నల్‌ని పెంచని) శాలెన్-కీ లోపాస్, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను పంపి ఎక్కువవాటిని ఆపే ఫిల్టర్ కట్టాను, రెసిస్టర్లు రెండూ 10కె (కిలోఓమ్), ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ (అవుట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చేది) 2.2 నానోఫారడ్, గ్రౌండ్‌కి వెళ్లేది 1 నానో, సప్లై ప్లస్ మైనస్ 12 వోల్టులు. కటాఫ్ (ఫిల్టర్ ఆపడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) లెక్క ప్రకారం 10.7 కిలోహెర్ట్జ్, బోర్డు మీద కూడా దాదాపు అంతే వస్తోంది, అక్కడ ఏ గొడవా లేదు.

సమస్యల్లా పైన. అవుట్‌పుట్ 300 కిలోహెర్ట్జ్ దాకా చక్కగా పడిపోయి అక్కడినుంచి మళ్లీ లేస్తోంది, 2 మెగాహెర్ట్జ్ దగ్గర 5 వోల్ట్ పీక్ టు పీక్ ఇస్తే అవుట్‌పుట్‌లో 50 మిల్లీవోల్టులు కనిపిస్తున్నాయి, ఎల్‌టీస్పైస్ సిమ్యులేషన్‌లో ఐడియల్ ఆప్‌ఆంప్‌తో అయితే 0.2 మిల్లీవోల్ట్ కూడా రాదు.

బ్రెడ్‌బోర్డ్ తీసేసి సోల్డర్ చేశా, కెపాసిటర్లు ఫిల్మ్‌వి వేశా, సప్లై పిన్నుల దగ్గరే 100 నానో పెట్టా, ప్రోబ్ గ్రౌండ్ వైరు పొడవు వల్లేమో అని స్ప్రింగ్ క్లిప్‌తో కూడా చూశా, ఏం తేడా లేదు. రెసిస్టర్లు 47కె చేసి కెపాసిటర్లు 470, 220 పికోకి తగ్గిస్తే మాత్రం ఆ 50 కాస్తా 12 దాకా దిగింది. అందుకే ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ గుండా సిగ్నల్ నేరుగా అవుట్‌పుట్‌కి దూకుతోందని, ఆ ఫ్రీక్వెన్సీలో ఆప్‌ఆంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (ఏసీ సిగ్నల్‌కి ఉండే నిరోధం) పెరిగిపోయి దాన్ని అణచలేకపోతోందని నా అనుమానం.

కటాఫ్ మారకుండా ఇది తగ్గాలంటే ఇంకా ఫాస్ట్ ఆప్‌ఆంప్ వేయాలా, లేక అవుట్‌పుట్ తర్వాత ఒక పాసివ్ ఆర్‌సీ (ఒట్టి రెసిస్టర్-కెపాసిటర్) స్టేజ్ పెడితే సరిపోతుందా?