కచేరీలా సాగే మ్యూజికల్‌కి టికెట్ కొని వస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. కొంతమందిమి కలిసి ఒక సంగీత నాటకం తయారు చేస్తున్నాం. సెట్లు, తెరలు ఉండవు, వాయిద్యాలవాళ్లు స్టేజీ మీదే ఉంటారు, పాత్రలు మైకు పట్టుకుని నేరుగా జనానికే పాడుతూ కథ చెప్తాయి. డబ్బు పెడతానన్న ఆయనేమో "ఇది నాటకమా, మ్యూజికల్ నైటా, ముందు తేల్చండి" అంటున్నారు.

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే లాంటి వ్యాపార రంగస్థలంలో ఇలాంటివాటికి ఇంకా చోటుందా? 'సిక్స్' 2017లో ఎడిన్‌బరో ఫ్రింజ్ అనే నాటకోత్సవంలో విద్యార్థులు వేసిన షో, ఆరుగురు రాణులు పాప్ కచేరీలా పాడతారు, 2021లో బ్రాడ్‌వేలో అధికారికంగా మొదలైంది. 'హేడ్స్‌టౌన్' 2010లో ఆల్బమ్‌గా వచ్చి, 2019లో ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు అందుకుంది. కానీ రెండూ చిన్న చోట్ల మొదలై మెల్లగా ఎదిగినవే. కొత్త ప్రయోగానికి మొదటి నుంచే డబ్బు పెట్టేవాళ్లున్నారా, లేక అందరికీ తెలిసిన సినిమా కథలకేనా? లండన్, న్యూయార్క్‌లో ఈమధ్య షోలు చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

మనవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదని నా గట్టి నమ్మకం. హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి ఒక్కరే పాడుతూ, ఆడుతూ కథంతా నడిపిన ఊరు ఇది, బుర్రకథ విన్నవాళ్లు ఇప్పటికీ ఇంటింటా ఉన్నారు. కాకపోతే ఇలాంటివాటికి టికెట్ కొనే అలవాటే లేదు.

ఇంకో సంగతి, గంటన్నర షోకి విరామం ఇవ్వాలా? పాటల మధ్య మాటలు ఎంతవరకు ఉంచాలి? మా ఊళ్లోని ఆనందగజపతి ఆడిటోరియంలో సౌండ్ చేసినవాళ్లెవరైనా ఉంటే, డప్పు, కీబోర్డు మధ్య పాట మాటలు స్పష్టంగా వినపడాలంటే ఏం చేయాలో కూడా చెప్పండి.