యూపీఐలో డబ్బు కట్టినా ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంటోంది, సాయం చేయగలరా?

నమస్కారం. మంగళగిరి చేనేత చీరలు అమ్మడానికి వూకామర్స్‌తో (వర్డ్‌ప్రెస్‌లో ఆన్‌లైన్ షాపు నడిపే ప్లగిన్) వెబ్‌సైట్ పెట్టుకున్నాం. మా దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా ఫోన్‌పే, గూగుల్‌పేలోనే కడతారు కాబట్టి ఒక పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) ప్లగిన్‌తో యూపీఐ కలిపాం.

కంప్యూటర్‌లో క్యూఆర్ స్కాన్ చేస్తే ఇబ్బంది లేదు. మొబైల్‌లోనే చిక్కు. యాప్ తెరుచుకుంటుంది, పిన్ కొడతారు, డబ్బు కట్ అవుతుంది. కానీ కస్టమర్ మళ్లీ బ్రౌజర్‌లోకి రాకపోతే ఆర్డర్ 'పెండింగ్ పేమెంట్'లోనే ఉండిపోతోంది. 60 నిమిషాలు దాటగానే దానంతటదే క్యాన్సిల్ అవుతోంది. ఒక్కో డిజైన్‌లో ఒకే చీర ఉంటుంది. డబ్బు కట్టినవాళ్లది వేరేవాళ్లకు అమ్ముడైపోతుందేమోనని ఒకటే టెన్షన్.

డబ్బు అందిందని గేట్‌వే మా సైట్‌కు నేరుగా పంపే సందేశం (వెబ్‌హుక్) కోసం పెట్టిన యూఆర్‌ఎల్, సీక్రెట్ కీ సరిచూశాను. సెక్యూరిటీ ప్లగిన్ గానీ హోస్టింగ్ ఫైర్‌వాల్ గానీ ఆ సందేశాన్ని అడ్డుకుంటోందేమో ఏ లాగ్‌లో తెలుస్తుంది? కస్టమర్లను పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపమనే పద్ధతి వద్దు, నకిలీవి తేలిగ్గా చేసేస్తున్నారు.