అమ్మానాన్నలతో బిల్ట్‌మోర్: ఒక్క రోజు సరిపోతుందా?

అందరికీ నమస్తే. మేం అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాం. వేసవికని అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. వచ్చే శనివారం కారులో యాష్‌విల్‌లోని బిల్ట్‌మోర్ ఎస్టేట్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. పోను రెండు గంటల పైనే డ్రైవ్. పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికి చేరాలి.

జార్జ్ వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడు కట్టించిన ఇల్లది, 1895లో గృహప్రవేశం, 250 గదులు. ఫొటో చూడగానే "ఇంతింటికి చీపురు పట్టేదెవరే?" అంది అమ్మ. నా టెన్షనంతా ఆవిడ మోకాళ్ల గురించే. నాలుగు మెట్లెక్కితే కుడి మోకాలు పట్టుకుని నిలబడిపోతుంది. వీల్‌చెయిర్ తీసుకుంటే లిఫ్టులో ఎంతవరకు చూడొచ్చు? పార్కింగ్ నుంచి షటిల్ ఎక్కడం ఇబ్బందా?

ఇంట్లోకి వెళ్లే టైము టికెట్‌తోపాటే ముందుగా ఎంచుకోవాలి. ఎండెక్కకముందే తోటలు చూసేసి, మధ్యాహ్నం ఇల్లు చూడటం మేలనిపిస్తోంది నాకు. మావారేమో ముందు ఇల్లే అంటున్నారు.

ఇంకోటి, నాన్న బయట తిండి ముట్టరు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్తే చెట్ల కింద కూర్చుని తిననిస్తారా, లేక కారులోనే కానిచ్చేయాలా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.