‘వ్యవసాయానికి మారారు’ అనొచ్చా?

ప్రశ్న: పిల్లల పత్రికకి యూరప్ రాతియుగం మీద చిన్న వ్యాసం రాస్తున్నానండీ. ‘వేటాడి, ఏరుకుని తినే జనం క్రమంగా వ్యవసాయానికి మారారు’ అని రాశాను. చూసినాయన ‘మారారు కాదు, మళ్లారు అనండి’ అన్నారు. ఏది నయం?

– మళ్లారు బాగుంది. మారారంటే పార్టీ మారినట్టుంది.

– రెండిటితోనూ ఒకటే ఇబ్బందండీ. మారినా మళ్లినా కర్త ఒకరే. నిన్న వేటాడినవాడే ఇవాళ విత్తనాలు చల్లాడని అర్థం వస్తుంది. యూరప్‌లో చాలాచోట్ల అలా జరగలేదు. గోధుమ, బార్లీ, గొర్రెలు, మేకలు అనటోలియా నుంచి, అంటే ఇప్పటి టర్కీ వైపు నుంచి, రైతులతో పాటే వచ్చాయి. క్రీ.పూ. 6500 ప్రాంతంలో గ్రీసులో ఉన్నారు, 5500 కల్లా మధ్య యూరప్ చేరారు. పాత ఎముకల డీఎన్ఏ చూస్తే ఈ తొలి రైతులకి అక్కడి వేటగాళ్లతో చుట్టరికం చాలా తక్కువ.

డెన్మార్క్ సంగతి మరీ చిత్రం. అక్కడి తీరంలో ఎర్టెబోలె జనం ఉండేవారు. చేపలు, సీళ్లు, ఆల్చిప్పలు వాళ్ల తిండి. తిని పారేసిన చిప్పలు గుట్టలుగా ఇప్పటికీ కనిపిస్తాయి. దక్షిణాన, జర్మనీలో, రైతుల ఊళ్లు వెలిశాయి. వాళ్ల రాతి గొడ్డళ్లు వీళ్లకి అందేవి. కుండలు చేయడమూ వీళ్లకి వచ్చు. అయినా వెయ్యేళ్లకు పైగా నాగరికులు చెప్పే ఆ ‘ముందడుగు’ వెయ్యలేదు! సముద్రం తిండి పెడుతుంటే కలుపు తీయాల్సిన ఖర్మ ఎవరికండీ? చివరికి క్రీ.పూ. 4000 ప్రాంతంలో సేద్యం వచ్చింది. వచ్చిన కొద్ది తరాల్లోనే జనమూ చాలావరకు కొత్తవాళ్లయ్యారు. ఎముకల్లోని కార్బన్‌ని బట్టి చూస్తే తిండి కూడా సముద్రం నుంచి నేలకి వచ్చేసింది.

అక్కడే లోలాండ్ దీవిలో ఎవరో నమిలి ఉమ్మేసిన బర్చ్ చెట్టు జిగురు ముద్ద దొరికింది. వయసు సుమారు 5,700 ఏళ్లు. అందులోని డీఎన్ఏ ఒక ఆడమనిషిది: నల్లని ఒళ్లు, నీలి కళ్లు, రైతుల వంశం ఛాయలే లేవు. చుట్టూ సేద్యం మొదలయ్యాక కూడా అలాంటివాళ్లు ఉన్నారన్నమాట.

– అయితే ఎవరూ మారలేదంటారా? సెర్బియాలో డాన్యూబ్ ఒడ్డున లెపెన్‌స్కీ వీర్ ఉంది కదా, వేటగాళ్లూ రైతులూ కలిసిన చోటు.

– ఉంది. అక్కడ పూడ్చినవాళ్లలో పాత జాలరి వంశాలవారూ, అనటోలియా మూలాలవారూ, ఇద్దరి కలయికలో పుట్టినవారూ ఉన్నారు. కొన్ని వందల ఏళ్లు గడిచాక మిగతా చోట్లా రైతుల్లో వేటగాళ్ల వాటా పెరిగింది. అక్కడ ‘కలిశారు’ అనండి. పిల్లల వ్యాసమైనా సరే, ‘యూరప్‌కి వ్యవసాయాన్ని తెచ్చింది వలస వచ్చిన రైతులు. అక్కడి వేటగాళ్లు కొందరు వాళ్లలో కలిశారు, కొందరు చాలాకాలం వేటలోనే ఉండిపోయారు’ అంటే సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు: బాగుందండీ, అలాగే రాస్తాను. ‘క్రమంగా’ ఉంచనా?

– తీసేయండి. డెన్మార్క్‌కి అది అస్సలు నప్పదు.