విదేశీ సాయంతో ప్రపంచ సమస్యలు నిజంగా తీరుతున్నాయా? సూటిగా చెప్పండి

వేకువ:
అందరికీ నమస్కారం. 1961 నుంచి నడిచిన అమెరికా ప్రభుత్వ విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని 2025 జూలైలో మూసేశారు. మిగతా ధనిక దేశాలు కొన్ని కూడా సాయం తగ్గించుకుంటున్నాయి. "ఇన్నేళ్లు ఇచ్చి ఏం సాధించారు, పోతే పోనీ" అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంటే నాకు కడుపు మండుతోంది. మశూచి ఎలా పోయింది? సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో, ఇక లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1980లో. నారికురుపు చూడండి, తాగే నీళ్లలోంచి ఒంట్లో చేరే పురుగు జబ్బు. 1986లో ఏడాదికి 35 లక్షల మందికి వచ్చేది, 2023లో ప్రపంచం మొత్తమ్మీద 14 మందికి. దీనికి టీకా లేదు, మందు లేదు. నీళ్లు వడకట్టుకునే సన్నటి గుడ్డ, దారిలో దాహమేస్తే నోట్లో పెట్టుకుని పీల్చే ఫిల్టరు గొట్టం, పురుగు బయటికొస్తున్న కాలు చెరువులో పెట్టకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇవే ఆయుధాలు. ఆ గుడ్డలు పంచడానికి, ఆ మనుషులకి శిక్షణ ఇవ్వడానికి డబ్బు చాలావరకు బయటినుంచే వచ్చింది. ఇది పనిచేయలేదని ఎలా అంటారు?

పద్దుపుస్తకం:
వేకువ గారూ, ముందు "సాయం" అంటే ఏ డబ్బో తేల్చండి. 2023లో ఎక్కువగా ధనిక దేశాలుండే కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారం సాయం సుమారు 22,300 కోట్ల డాలర్లు. అందులో దాదాపు 14 శాతం ధనిక దేశాలు తమ దగ్గరికి వచ్చిన శరణార్థుల కోసం తమ దేశంలోనే పెట్టుకున్న ఖర్చు. శరణార్థులకి నీడ ఇవ్వడం మంచి పనే, కాదనను. కానీ ఎల్లలు దాటని డబ్బుని పేద దేశాల సాయం పద్దులో రాసుకోవడమేంటి? 1970లో ఐక్యరాజ్యసమితిలో పెట్టుకున్న లక్ష్యం జాతీయాదాయంలో 0.7 శాతం. 2023లో ఆ గీత దాటినవి ఐదే దేశాలు. ఇవ్వని సాయం పనిచేసిందా లేదా అని వాదించుకుంటున్నాం మనం.

చిరుగాలి:
మశూచి పోయింది నిజమే. పేదరికం పోయిందా?

వేకువ:
చిరుగాలి గారూ, టీకాతో పోయే జబ్బునీ పేదరికాన్నీ ఒకే గాటన కట్టకండి. పద్దు గారూ, నేను అడిగింది ఫలితం గురించి, మీరు చెబుతున్నది పద్దు గురించి. ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొర సంగతి తీసుకోండి. దాన్ని కాపాడటానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, అయినా భారత్, చైనా బయటే ఉన్నాయి. ఫ్రిజ్‌లలో వాడే వాయువులు మార్చుకునే ఖర్చు ఎవరు భరిస్తారని అడిగాయి, సబబైన ప్రశ్నే. 1990లో లండన్‌లో దానికోసం ఒక నిధి పెట్టడానికి ఒప్పుకున్నాకే దారికొచ్చాయి. ఆ డబ్బుతో ఫ్యాక్టరీలు మారాయి. ఓజోన్‌ని తినేసే పదార్థాల్లో 98 శాతానికి పైగా వాడకం ఆగిపోయింది. అందరి నెత్తిమీదా ఉన్న సమస్య కలిసి పోగేసిన డబ్బుతో తీరే దారి పట్టింది. ఇంతకంటే రుజువేం కావాలి?

పద్దుపుస్తకం:
అది సాయం కాదండీ. పాడుచేసినవాళ్లు కట్టుకున్న మూల్యం. సాయం అని పిలవడమే తప్పు. వాతావరణం విషయంలో ఏం జరిగిందో చూడండి. 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో మాటిచ్చారు. ఓఈసీడీ లెక్కల్లోనే అది నెరవేరింది 2022లో. అందులో ప్రభుత్వాల ద్వారా వచ్చిన దాంట్లో మూడింట రెండొంతులు అప్పులే. తుపానుకి ఇల్లు కూలినవాడికి అప్పిచ్చి, సాయం చేశామని రాసుకుంటారా?

తటస్థం:
కొవాక్స్‌ని ఎవరూ ఎత్తట్లేదే? పేద దేశాలకీ కొవిడ్ టీకాలు అందేలా పెట్టిన పథకం అది. 2021 చివరికి 200 కోట్ల డోసులు అన్నారు, అందులో సగం కూడా చేరలేదు. ధనిక దేశాలు ముందే కొని పెట్టుకున్నాయి. కొన్ని డోసులైతే గడువు ముగిసే ముందు పంపారు. నైజీరియా ఆ డిసెంబరులో పది లక్షలకు పైగా డోసులు పారేయాల్సి వచ్చింది.

గట్టుమనిషి:
నేనొక నీటి ప్రాజెక్టులో మూడేళ్లు ఫీల్డులో పనిచేశాను, సంస్థ పేరు వద్దు. చేతిపంపులు వేసేవాళ్లం. ప్రతి మూడు నెలలకీ ఎన్ని పంపులు వేశామో రాసి పంపాలి. ఎన్ని పనిచేస్తున్నాయో రాసే గడి ఆ ఫారంలో లేదు. ఒకచోట పంపు లోపలి వాషరు అరిగిపోయింది, చేతిలో పట్టేంత ముక్క, దాన్ని కొనడానికి బడ్జెట్‌లో పద్దు లేదు. నీటి కమిటీకి సాధికారత వర్క్‌షాపు పెట్టడానికి మాత్రం ఉంది. ఒక పెద్దావిడ నా ఎదురుగా హ్యాండిల్ పదిసార్లు కొట్టి చూపించింది. గాలి చప్పుడు తప్ప చుక్క రాలేదు. "ఇది మాదా మీదా నాయనా? మాదైతే మేమే విప్పుకుంటాం" అంది. విప్పకూడదు, వారంటీ పోతుంది అని చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నిద్రపట్టదు. వేకువ గారూ, మీ 98 శాతాలు, 35 లక్షలు నాకు ఎక్కవు.

వేకువ:
మీ వాషరు కథకి జాలిపడతాను, దానికోసం అన్నీ ఆపేయమంటారా?

గట్టుమనిషి:
ఆపేయమని నేనెక్కడన్నాను? చూపించండి.

పద్దుపుస్తకం:
చూశారా, వేసిన పంపులు లెక్క, నడిచే పంపులు కాదు. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే. శరణార్థుల ఖర్చుకి వేకువ గారు ఇంకా జవాబు చెప్పలేదు.

వేకువ:
మీ 14 శాతాన్ని పట్టుకుని మీరే వేలాడండి! నేను హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రంలో ఆరేళ్లు నర్సుగా చేశాను. మాకు వచ్చింది అమెరికా డబ్బు, 2003లో మొదలైన పెప్ఫార్ కార్యక్రమం ద్వారా. ఆ పథకం రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని వాళ్ల ప్రభుత్వమే చెప్పుకుంది. 2025 జనవరిలో విదేశీ సాయం దాదాపు మొత్తం తాత్కాలికంగా ఆపమని సంతకం పెట్టారు, కొద్దిరోజులకే మా తలుపుకి తాళం పడింది. తర్వాత మినహాయింపులు అన్నారు, మా దాకా రాలేదు. ఒకామె రోజూ వచ్చి తలుపు దగ్గర కూర్చునేది. మాత్రల సీసా చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఎన్ని మిగిలాయో చప్పుడుని బట్టి చెప్పేది. "ఇవాళ తొమ్మిది సిస్టర్" అనేది. మరుసటి రోజు ఎనిమిది. మీరు ఇక్కడ కూర్చుని అది సాయమా మూల్యమా అని పేర్లు పెడుతున్నారు. ఆ మాత్రలు పనిచేశాయండీ! ఆ మనిషి నడుచుకుంటూ వచ్చింది నా దగ్గరికి!

చిరుగాలి:
వేకువ గారూ, క్షమించండి. ఇది తెలీక అన్నాను.

పద్దుపుస్తకం:
మేడం, మీ బాధని నేను తక్కువ చేయట్లేదు. మాత్రలు పనిచేయవని అనలేదు, అనను కూడా. కానీ మీరు చెప్పిందే మళ్లీ చదవండి. ఎక్కడో ఒక్క సంతకం, ఇక్కడ తాళం. దాన్ని నేను సాయం అనుకుని దణ్ణం పెట్టలేను. ఇచ్చేవాడి దయమీద బతకడం అది. మూల్యం అంటే బాకీ, బాకీ అయితే అడిగే హక్కుంటుంది. పేరు గురించి నా పట్టుదల అందుకే, మాటల గారడీ కోసం కాదు.

గట్టుమనిషి:
పద్దు గారూ, బాకీ అన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఓజోన్ నిధిలో నిర్ణయాలు చేసే కమిటీలో 14 మంది సభ్యులు. ఏడు స్థానాలు డబ్బు కట్టే దేశాలవి, ఏడు పుచ్చుకునే దేశాలవి. వేకువ గారు దాన్ని డబ్బు గెలుపు అంటున్నారు, మీరు మూల్యం అంటున్నారు. నాకు కనిపించేది ఆ ఏడు కుర్చీలు. మా పంపు దగ్గర ఆ పెద్దావిడకి ఒక్క కుర్చీ కూడా లేదు. మన గొడవ డబ్బు పనిచేస్తుందా లేదా అని కాదు, ఎప్పుడు ఆపాలో, వాషరు కొనాలా వద్దా చెప్పే మాట ఎవరిది అని.

వేకువ:
ఆ కుర్చీలు వచ్చేదాకా ఆమె ఆగాలా? ఎనిమిది మాత్రలతో ఎన్నాళ్లు ఆగుతుంది? ఏదైనా సరే ముందు ఇవ్వనివ్వండి, హక్కుల సంగతి తర్వాత చూసుకుందాం అంటాను నేను. తప్పయితే తప్పే.

గట్టుమనిషి:
తర్వాత అనేది ఎప్పుడూ రాదు మేడం, నేను చూశాను. ఒక్కటి అడుగుతాను, కోపం వద్దు. ఆ ఆరేళ్లలో మీ జీతాలు, ఆ మాత్రల కొనుగోలు మెల్లగా ఆ దేశపు ఆరోగ్యశాఖ చేతికి అప్పజెప్పే పథకం ఏదైనా మీకు చూపించారా?

వేకువ:
రాత్రంతా ఆలోచించాను. ప్రతి ఏడాదీ చివరి రిపోర్టులో "సుస్థిరత" అని, బయటి డబ్బు ఆగితే ఎలా నడుస్తుందో రాసే ఒక పేజీ ఉండేది. నింపేదాన్ని నేనే. పాత ఏడాది పేజీలోది ఎత్తి రాసేసేదాన్ని, ఎందుకంటే అవతల గదిలో నలభైమంది కూర్చుని ఉండేవాళ్లు. పైనుంచి దాని మీద ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆమె ఐదు అని చెప్పిన రోజు తర్వాత రాలేదు. ఎక్కడికి వెళ్లిందో నాకు తెలియదు.