బడికి సెల్లు తేనీయాల్నా, వద్దా?

నల్లగొండ, ఒక తండ్రి:
మా పాప తొమ్మిదో తరగతి. బడి అయినంక ట్యూషన్, ఇల్లు చేరేటాలకు రాత్రి ఎనిమిది అయితది. బస్సు ఆలస్యమైతే ఒక మాట చెప్తదని సెల్లు ఇచ్చి పంపిన. బ్యాగుల చూసి సార్లు గుంజుకున్నరు, నెల దాటినంకనే ఇస్తమన్నరు. ఫ్రాన్స్‌ల 2018లనే చట్టం చేసి బళ్లల్ల ఫోన్లు బంద్ పెట్టిండ్రని చెప్తున్నరు. ఆడపిల్ల చీకట్ల బస్సు కోసం నిలబడ్డ ముచ్చట నాకెట్ల తెల్వాలె? మీరేమంటరు?

దేవరకొండ దిక్కు, సర్కారు బడి టీచర్:
అన్నా, నేనైతే వద్దనే అంట. పాఠం నడవదని ఒక్కటే కాదు. నిరుడు మా బడిల ఆటల పీరియడ్‌ల ఒక పిల్ల ఉరుకుతా కింద పడ్డది. ఒకడు వీడియో తీసి, దానికి పాట కలిపి స్టేటస్ పెట్టిండు. పొద్దుగూకేసరికి ఊరంత చూసింది. ఆ పిల్ల పన్నెండు రోజులు బడి మొఖం చూడలే. నేనే తండాకు పోయి, వాళ్లమ్మ పక్కన కూసోని, బతిమాలి తోల్కొచ్చిన. తీసినోడు చెడ్డోడు కాదు, లెక్కలు మంచిగ చేస్తడు. చేతుల కెమెరా ఉన్నది, తీసిండు.

కరోనా అప్పుడు, 2020 సెప్టెంబర్‌ల టీ-శాట్, యాదగిరి ఛానళ్లల్ల పాఠాలు మొదలైతే, ‘టీవీ లేకుంటే ఫోన్లనన్న చూడుండ్రి’ అని ఇల్లిల్లు తిరిగింది మేమే. మేకలమ్మి ఫోన్ కొన్నోళ్లున్నరు. ఇయ్యాల తప్పంతా పిల్లలదే అన్నట్టు మాట్లాడితే నాకు పాణం ఒప్పది.

నెల రోజులు పెట్టుకునుడు మాత్రం అన్యాయమే. 2025 ఫిబ్రవరిల ఢిల్లీ హైకోర్టు ఒక కేంద్రీయ విద్యాలయం కేసుల మొత్తానికే బంద్ పెట్టుడు కుదరదన్నది. వీలున్నకాడ పిల్లలు ఫోన్ బడిల అప్పజెప్పాలె, క్లాసుల ముట్టొద్దు, శిక్ష మరీ కఠినంగ ఉండొద్దని చెప్పింది. మీ సార్లకు ఆ మాట చూపియ్యి.

నారాయణపేట, హాస్టల్ల చదివినోడు:
టీచరమ్మా, మీరు ఇంటికాడికెల్లి వచ్చే పిల్లల గురించే చెప్పిండ్రు. మా అమ్మనాయిన పాలమూరు లేబర్. వానకాలం పంట అయినంక బొంబాయి పోతే మళ్ల తొలకరికే వచ్చేది. వాళ్ల దగ్గర ఫోన్ లేకుండె, గుంపు మేస్త్రి నంబరే దిక్కు. హాస్టల్ల వార్డెన్ సారు ఫోన్ ఒక్కటే. ఆదివారం లైన్ల నిలబడి, నా వంతు వచ్చినప్పుడు మేస్త్రి ఎత్తకపోతే ఇంకో వారం ఆగాలె. మా నాయనమ్మ సచ్చిపోయిన సంగతి నాకు నాలుగో రోజు తెలిసింది. అప్పటికే మట్టి చేసిండ్రు.

క్లాసుల వద్దంటే నేను గూడ ఒప్పుకుంట. హాస్టల్ల రాత్రి అన్నం తిన్నంక అరగంట ఫోన్ ఇస్తే ఏం పోతది?

దేవరకొండ దిక్కు, సర్కారు బడి టీచర్:
నీ బాధ చదివి కండ్లల్ల నీళ్లు తిరిగినయి తమ్మీ. కీప్యాడ్ ఫోన్ అయితే ఇయ్యాలె, నేను గూడ అడుగుత. స్మార్ట్ ఫోన్ మాత్రం హాస్టల్ల గూడ వద్దు. ఆ పిల్లను తోల్కొచ్చిన దినం నేను మర్వలేను.

నారాయణపేట, హాస్టల్ల చదివినోడు:
ఇంట్ల ఉన్న ఒక్క ఫోనూ స్మార్ట్ ఫోనే అయితే, కీప్యాడ్‌ది ఎవరు కొనిస్తరు టీచరమ్మా? బడా, సర్కారా? అది తేలకుండ వద్దంటే, మళ్ల లైన్ల నిలబడేది వలస పోయినోళ్ల పిల్లలే.